బీజడ్‌సీ చదివినా, ఎంపీసీఎస్ చదివినా: ప్రకృతి శాస్త్రం, కంప్యూటర్ కలిసే పీజీకి ఎలా సిద్ధం కావాలి

గత వేసవిలో మర్రిగూడ మండలం నుంచి వచ్చిన ఒక డిగ్రీ విద్యార్థిని నా బల్ల మీద పొడవాటి నోటుపుస్తకం తెరిచి పెట్టింది. వాళ్ల ఊరూ చుట్టుపక్కల ఊళ్లూ కలిపి నలభై ఒక్క బోర్ల వివరాలు అందులో ఉన్నాయి. బోరు లోతు ఎన్ని అడుగులు, నీళ్లు ఏ రోజు పట్టారు, లీటరుకు ఎన్ని మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉంది అని మూడు నిలువు వరుసలు. కొన్ని గళ్లలో 0 అని రాసి ఉంది. కొన్ని ఖాళీగా ఉన్నాయి. మూడు చోట్ల చిన్న అడ్డగీత ఉంది. "ఈ సున్నాకూ ఈ ఖాళీకీ తేడా ఏమిటమ్మా?" అని అడిగాను. ఆ అమ్మాయి ఒక్కో గడి మీద వేలు పెట్టి చూస్తూ కాసేపు ఆలోచించి, "తెలియదు మేడం, రాసినాయననే అడిగి వస్తాను" అంది.

ఆమెది బీజడ్‌సీ, అంటే వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు. లెక్కలు పదో తరగతితోనే ఆగిపోయాయి. అయినా ఆ జవాబు విన్నాక ఈ చదువు ఆమెకు వస్తుందని నాకు గట్టి నమ్మకం కుదిరింది. ప్రకృతిని కొలిచి, ఆ కొలతల్లో దాగి ఉన్నదాన్ని లెక్కలతో, కంప్యూటర్‌తో బయటికి తీసే చదువు ఇది. బయోఇన్ఫర్మాటిక్స్, కంప్యుటేషనల్ బయాలజీ, జియోఇన్ఫర్మాటిక్స్, కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్ అని ఒక్కో చోట ఒక్కో పేరుతో నడుస్తోంది. ఇలా వేరువేరు శాస్త్రాలు కలిసిన చదువులన్నింటినీ ఇంటర్‌డిసిప్లినరీ అంటారు. నల్గొండ, సూర్యాపేట నుంచి మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట దాకా డిగ్రీ చదువుతున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. రెండో ఏడాదిలో మొదలుపెడితే మంచిది. చివరి ఏడాదిలో ఉన్నా ఆలస్యమైపోలేదు.

ముందు ప్రశ్న, తరువాత కోర్సు

నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది "ఏ కోర్సుకు స్కోప్ ఉంది మేడం?" అని. ఆ మాట అడగడంలో తప్పు లేదు, ఇంట్లో పరిస్థితులు అలా అడిగిస్తాయి. కానీ ఈ రంగంలో కోర్సు పేరు పట్టుకుని వెళ్తే దారి దొరకదు. పేర్లు ఎక్కువ, వాటి వెనక ఉన్న పాఠాలు వేరువేరు. మిమ్మల్ని వదలకుండా వెంటాడే ప్రశ్న ఒకటి ఉంటే, ఏ కోర్సు కావాలో అదే చెబుతుంది.

ప్రశ్నల కోసం ఎక్కడికో పోనక్కర లేదు. రెండు బోర్ల మధ్య నూరు అడుగుల దూరం కూడా ఉండదు, ఒకదాని నీళ్లు తాగొచ్చు, ఇంకోదాని నీళ్లు తాగితే పళ్లు గారపడతాయి. ఎందుకు? మన గ్రానైటు రాళ్లలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉన్నాయి. నీటిలో కాల్షియం తక్కువగా, క్షారగుణం ఎక్కువగా ఉన్నచోట ఫ్లోరైడ్ కరిగి నిలిచిపోతుంది. తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకపోవడం మేలనీ, వేరే దారి లేనప్పుడు 1.5 వరకు సరిపెట్టుకోవచ్చనీ భారత ప్రమాణాలు చెబుతాయి. ఇంతవరకు రసాయనశాస్త్రం, భూగర్భశాస్త్రం. అయితే రేపు తవ్వబోయే బోరులో ఎంత ఉండవచ్చో ముందే అంచనా వేయాలంటే గణాంకశాస్త్రం, పటాలు, కంప్యూటర్ కావాలి. ఆ అంచనాను ఊళ్లో వైద్యుడికి అర్థమయ్యేలా చెప్పడం ఇంకో విద్య. ఒక్క ప్రశ్నలో ఇన్ని శాస్త్రాలు ఉన్నాయి.

పాలమూరు వైపు కంది పండుతుంది. పటాన్‌చెరు దగ్గరి అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నాయకత్వంలో శాస్త్రవేత్తలు 2011 చివర్లో కంది జన్యుక్రమాన్ని ప్రచురించారు. అందులో సుమారు 48 వేల జన్యువులను అంచనా వేశారు. వాటిలో ఎండను తట్టుకునే గుణం ఎక్కడుందో వెతకడం ఒక బతుకంతటికీ సరిపోయే పని. అమ్రాబాద్ పులుల అభయారణ్యం నాగర్‌కర్నూల్, నల్గొండ జిల్లాల్లో 2,611 చదరపు కిలోమీటర్లు పరుచుకుని ఉంది. అక్కడ చెట్లకు కట్టిన కెమెరాలు తీసే ఫొటోలను మనుషులు ఒక్కొక్కటిగా చూడలేరు. 2016 వరకు మహబూబ్‌నగర్ జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్‌లో ఎన్ఆర్‌ఎస్‌సీ (జాతీయ దూరసంవేదన కేంద్రం) వారి భూకేంద్రం ఉంది. మన దూరసంవేదన ఉపగ్రహాలు పంపే సమాచారాన్ని అందుకునేది అదే. హైదరాబాద్ బస్సులో కూర్చుని మనం దాటిపోయే ఊరు అది.

ఈ వారంలో ఒక కాగితం తీసుకుని అలాంటి ప్రశ్నలు మూడు రాయండి. ప్రతి ప్రశ్న కింద ఒక నిలువు గీత గీసి, ఒకవైపు "ఏమి కొలవాలి", రెండోవైపు "కొలిచినదానితో ఏమి లెక్కగట్టాలి" అని రాయండి. రెండువైపులా ఏదో ఒకటి రాయగలిగిన ప్రశ్నే మీకు పనికొస్తుంది.

రెండు శాస్త్రాలు కలపడం కొత్త ఫ్యాషన్ అనుకునేవాళ్లకు గణాంకశాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి సంగతి చెబుతుంటాను. తెలుగు ఇంట పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం, కలకత్తాలో గణాంకశాస్త్రం చదివారు. 1946లో ఆయనను కేంబ్రిడ్జికి పిలిపించింది గణితవిభాగం కాదు, పురావస్తు, మానవశాస్త్రాల మ్యూజియం. సూడాన్‌లోని జెబెల్ మోయాలో తవ్వి తీసిన అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడానికి ఆయన కావలసి వచ్చారు. ఎముకలు కొలిచే చోట లెక్కల మనిషికి పని దొరికింది. హైదరాబాద్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఇప్పుడు ఆయన పేరిట గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్స్ కోసం ఒక సంస్థ ఉంది.

మీ దగ్గర లేని సగం

ఇదే అన్నింటికన్నా ఎక్కువ సమయం తీసుకునే అడుగు. ఆరు నెలలు పడుతుంది. తొందరపడవద్దు.

బీజడ్‌సీ వాళ్లకు లేనిది గణితం. కొత్త పుస్తకాలు కొనకండి. తెలుగు అకాడమీ ఇంటర్మీడియట్ గణితం పుస్తకాలు నాలుగు, ఎంపీసీ చదివిన స్నేహితుల ఇంట్లోనో జిల్లా గ్రంథాలయంలోనో తప్పకుండా దొరుకుతాయి. మొత్తం చదవనక్కర లేదు. 1ఎలో మాత్రికలు, సదిశలు. 1బిలో అవధులు, అవకలనం. 2ఎలో విస్తరణ కొలతలు, సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు. 2బిలో సమాకలనం, అవకలన సమీకరణాలు. శాంకవాలు, త్రికోణమితి సూత్రాల జాబితాలు ఇప్పటికి పక్కన పెట్టండి. రోజుకు గంట చొప్పున, చేత్తో లెక్కలు చేస్తూ వెళ్తే ఆరు నెలల్లో పూర్తవుతుంది. తెలుగులో చదివిన లెక్క ఇంగ్లీషు పరీక్షలో మారిపోదు. మాత్రికను మ్యాట్రిక్స్ అంటారని తెలిస్తే చాలు.

వీటిలో ఒక్క అధ్యాయమే చదవగలనంటే సంభావ్యత చదవండి. ఎందుకో ఒక లెక్కతో చూపిస్తాను. అడవి కెమెరాల నుంచి 10,000 ఫొటోలు వచ్చాయనీ, వాటిలో నిజంగా పులి ఉన్నవి 100 అనీ అనుకుందాం. పులి ఉన్న ఫొటోలను కంప్యూటర్ నూటికి 95 సార్లు సరిగ్గా పట్టుకుంటుంది. పులి లేని ఫొటోల్లో నూటికి 2 సార్లు మాత్రమే పొరబడి "పులి" అంటుంది. వినడానికి చాలా మంచి ప్రోగ్రామ్. ఇప్పుడు లెక్క వేయండి. పులి ఉన్న 100లో 95 దొరికాయి. పులి లేని 9,900లో 198 పొరపాట్లు. కంప్యూటర్ "పులి" అన్నవి మొత్తం 293, నిజమైనవి 95. అంటే "పులి ఉంది" అని చెప్పిన ప్రతి మూడింటిలో దాదాపు రెండు తప్పు. రోగ నిర్ధారణ పరీక్షల్లోనూ, జన్యువుల వెతుకులాటలోనూ ఇదే లెక్క మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. దీన్ని కాగితం మీద మీ చేత్తో ఒకసారి చేస్తే, పెద్ద పుస్తకం చదివినదానికన్నా ఎక్కువ మనసుకు పడుతుంది.

ఎంపీసీఎస్ (గణితం, భౌతికశాస్త్రం, కంప్యూటర్ సైన్స్), ఎంఎస్‌సీఎస్ (గణితం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్స్) వాళ్లకు లేనిది జీవం, నేల, నీరు. మీరు ప్రోగ్రామ్ రాయగలరు, కానీ అంకె ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు. ఇంటర్ రెండో సంవత్సరం వృక్షశాస్త్రంలో జన్యుశాస్త్రం, అణుజీవశాస్త్రం, జీవసాంకేతిక శాస్త్రం యూనిట్లు చదవండి. డీఎన్ఏలో నాలుగు అక్షరాలు. మూడేసి అక్షరాలు కలిసి ఒక సంకేతం, మొత్తం 64 సంకేతాలు. వాటితో 20 అమైనో ఆమ్లాలు. చదవడం ఒక్క అక్షరం పక్కనుంచి మొదలైతే ఆ తరువాతి సంకేతాలన్నీ మారిపోతాయి. ఇది తెలియకుండా జన్యుక్రమం మీద ఎంత గొప్ప ప్రోగ్రామ్ రాసినా తప్పు జవాబే వస్తుంది. పుస్తకంతో ఆగకుండా మీ కళాశాలలోనే రసాయనశాస్త్ర ప్రయోగశాలకు వెళ్లి, అధ్యాపకుల అనుమతితో ఒక మధ్యాహ్నమంతా నిలబడి చూడండి. ఫ్లోరైడ్ పరీక్షలో ఎర్రటి ద్రావణం కలుపుతారు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువైన కొద్దీ ఆ ఎరుపు వెలిసిపోతుంది. గాజుగొట్టం సరిగ్గా కడగకపోతే, నీళ్లలో పటిక మిగిలి ఉంటే రంగు మారుతుంది. అంకె వెనక ఇన్ని చేతులు ఉన్నాయని కళ్లారా చూసినవాళ్లు పట్టికను గుడ్డిగా నమ్మరు.

ఇక ప్రోగ్రామింగ్. పైథాన్ అనే భాష ఒక్కటి చాలు. గణాంకాల వైపు వెళ్లేవాళ్లు తరువాత ఆర్ (R) అనే భాష నేర్చుకోవచ్చు. ల్యాప్‌టాప్ లేదని ఆగిపోవద్దు. గూగుల్ కొలాబ్ బ్రౌజర్‌లోనే ఉచితంగా నడుస్తుంది. కళాశాల ల్యాబ్‌లో వారానికి మూడు గంటలు దొరికినా చాలు. ఎన్‌పీటెల్, స్వయం వేదికల మీద ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు, సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటేనే రుసుము. ఉపగ్రహ చిత్రాలు, పటాల మీద మనసున్నవాళ్లు డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ (భారత దూరసంవేదన సంస్థ) వారి ఉచిత ఆన్‌లైన్ కోర్సులు చూడండి. పాఠాలు వినడం వేరు, రాయడం వేరు. ఫైలు తెరవడం, తప్పు వరుసలు ఏరడం, సగటు తీయడం, గ్రాఫ్ గీయడం: ఈ నాలుగూ ఎవరి సాయమూ లేకుండా చేయగలిగేదాకా కొత్త పాఠం మొదలుపెట్టవద్దు. యంత్రాభ్యసనం (మెషీన్ లెర్నింగ్), కృత్రిమ మేధ అనే మాటలు ఆకర్షిస్తాయి. వాటికి ఈ నాలుగే పునాది.

ఒక చిన్న పని పూర్తి చేయండి

సర్టిఫికెట్లు పది ఉన్నా, పూర్తయిన పని ఒక్కటి లేకపోతే ఇంటర్వ్యూలో మాట్లాడడానికి ఏమీ ఉండదు. పని చిన్నదైనా పరవాలేదు, మొదలూ చివరా ఉండాలి.

బోర్ల ఉదాహరణే తీసుకుందాం. పట్టికలో ఒక వరుస అంటే ఒక నమూనా. ఒక నిలువు వరుస అంటే ఒకే కొలత. తేదీలన్నీ ఒకే పద్ధతిలో ఉండాలి. ఒకచోట 3-4-24, ఇంకోచోట "ఉగాది ముందు" అని ఉంటే కంప్యూటర్‌కు ఏమీ తెలియదు. అంకె పక్కన మి.గ్రా. అని రాయకండి, ఆ యూనిట్ పై వరుసలో ఒక్కసారి రాస్తే చాలు. బోరు ఉన్న చోటును ఫోనులో అక్షాంశ రేఖాంశాలుగా నమోదు చేయండి. పరీక్ష చేయకపోతే గడిని ఖాళీగా వదలండి. పరీక్ష చేశాక పరికరం గుర్తించగలిగినదానికన్నా తక్కువ ఉందని తేలితే అది సున్నా కాదు, "0.1 కన్నా తక్కువ" వంటి మాట, దానికి వేరే నిలువు వరుస పెట్టండి. వీటన్నింటినీ సున్నాలుగా కలిపేసి సగటు తీస్తే ఊరి నీళ్లు ఉన్నదానికన్నా మంచివిగా కనిపిస్తాయి. ఆ సగటును నమ్మి ఎవరో ఒకరు ఆ నీళ్లు తమ పిల్లలకు పట్టిస్తారు. అందుకే ఈ విషయం మీద ఇంత పట్టుబడుతున్నాను.

తరువాత బోరు లోతుకూ ఫ్లోరైడ్‌కూ ఒక గ్రాఫ్ గీయండి. కాల్షియం కొలతలు ఉంటే దానికీ ఫ్లోరైడ్‌కూ ఇంకొకటి. రసాయనశాస్త్రం ప్రకారం ఒకటి పెరిగితే ఇంకొకటి తగ్గాలి, మీ ఊళ్లో అలాగే ఉందా? క్యూజీఐఎస్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో బోర్లను పటం మీద పెట్టండి. ఎన్ఆర్‌ఎస్‌సీ వారి భువన్ పోర్టల్‌లో మన ప్రాంతం పటాలు, ఉపగ్రహ చిత్రాలు చూడవచ్చు. కేంద్ర భూగర్భజల మండలి ప్రచురించే నివేదికలతో మీ కొలతలను పోల్చవచ్చు. చివరికి రెండు పేజీలు రాయండి: ఏమి అడిగాను, ఎలా కొలిచాను, ఏమి కనిపించింది, ఏమి చెప్పలేను. నాలుగోదాన్ని దాచకండి.

జీవశాస్త్రం వైపు వెళ్లేవాళ్లకు ఊరి కొలతలు లేకపోయినా నష్టం లేదు. జన్‌బ్యాంకులో జన్యుక్రమాలు, 1971 నుంచి నడుస్తున్న ప్రొటీన్ డేటా బ్యాంకులో ప్రొటీన్ల నిర్మాణాలు ప్రపంచంలో ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు. కందిలోని ఒక జన్యువును శనగలోని దాని జోడీతో పోల్చి చూడడం మంచి మొదటి పని.

ఏ తలుపు ఎవరికి

తేదీలు ఏటా కొంత మారుతాయి కాబట్టి ప్రకటనలు మీరే చూసుకోవాలి. నేను దారులు మాత్రమే చెబుతాను.

బీఎస్సీ తరువాత ఐఐటీల ఎమ్మెస్సీకి, బెంగళూరు ఐఐఎస్‌సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. దరఖాస్తులు సెప్టెంబరు, అక్టోబరుల్లో, పరీక్ష ఫిబ్రవరిలో. 3 గంటలు, 60 ప్రశ్నలు, 100 మార్కులు. మొదటి భాగంలో తప్పు రాస్తే మార్కులు కోస్తారు. ఒకటికన్నా ఎక్కువ సరైన జవాబులుండే ప్రశ్నలకూ, సంఖ్య రాసే ప్రశ్నలకూ కోత లేదు, వాటిని ఖాళీగా వదలకండి. బీజడ్‌సీ వాళ్లు రాసే బయోటెక్నాలజీ పేపర్‌లో ఇంటర్ స్థాయి గణితం, భౌతికశాస్త్రం కూడా ఉంటాయి. పైన చెప్పిన నాలుగు పుస్తకాలు అక్కడ మళ్లీ పనికొస్తాయి.

హైదరాబాద్ విశ్వవిద్యాలయం, ఢిల్లీ జేఎన్‌యూ వంటి కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఎమ్మెస్సీల్లో ఎక్కువవాటికి సీయూఈటీ-పీజీ అనే ప్రవేశ పరీక్ష. ఉస్మానియా, నల్గొండ మహాత్మా గాంధీ విశ్వవిద్యాలయం, పాలమూరు విశ్వవిద్యాలయం వంటి రాష్ట్ర విశ్వవిద్యాలయాలకు సీపీగెట్ పరీక్ష. ఇంటికి దగ్గరగా ఉండక తప్పనివాళ్లు ఇక్కడే మామూలు కెమిస్ట్రీ, బోటనీ, గణితం ఎమ్మెస్సీలో చేరి, ప్రాజెక్టును కంప్యూటర్ వైపు మలచుకుని, పీహెచ్‌డీకి మారవచ్చు. దాన్ని తక్కువ దారిగా చూడవద్దు. పునాది శాస్త్రం గట్టిగా ఉన్నవాళ్లకు రెండోది నేర్చుకోవడం తేలిక.

గచ్చిబౌలిలోని ఐఐఐటీ హైదరాబాద్‌లో ఈ రంగానికే ఒక కేంద్రం ఉంది: కంప్యుటేషనల్ నేచురల్ సైన్సెస్ అండ్ బయోఇన్ఫర్మాటిక్స్. అక్కడి పరిశోధన కోర్సులకు పీజీఈఈ అనే సొంత పరీక్ష, ఆపైన ఇంటర్వ్యూ. ఇంటర్ చదువుతున్న తమ్ముడో చెల్లెలో ఉంటే, అక్కడ ప్రకృతి శాస్త్రాలూ కంప్యూటరూ కలిపి బీటెక్, ఎంఎస్ ఒకేసారి ఇచ్చే కోర్సు ఉందని చెప్పండి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో పటాల సమాచారం మీద ఎంటెక్ ఉంది. ఎంటెక్ వైపు వెళ్లేవాళ్లకు గేట్ పరీక్ష. స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. 2024 నుంచి డేటా సైన్స్, కృత్రిమ మేధకు గేట్‌లో వేరే పేపర్ వచ్చింది. జియోమాటిక్స్, లైఫ్ సైన్సెస్ పేపర్లు కూడా ఉన్నాయి.

దరఖాస్తు చేసేముందు రెండు విషయాలు చూడండి. ఒకటి, డిగ్రీలో ఫలానా సబ్జెక్టు ఇన్ని సెమిస్టర్లు చదివి ఉండాలని కొన్ని కోర్సులకు షరతు ఉంటుంది. పరీక్షలో ర్యాంకు వచ్చాక అది తెలిస్తే గుండె పగులుతుంది. రెండోది, పెద్దవాళ్లు అడిగే ప్రభుత్వ ఉద్యోగం సంగతి. అధ్యాపక, పరిశోధన అర్హత కోసం రాసే సీఎస్ఐఆర్ నెట్‌లో ఐదే సబ్జెక్టులు: రసాయన, భూ, జీవ, గణిత, భౌతిక శాస్త్రాలు. అధ్యాపక ఉద్యోగాల ప్రకటనల్లో కూడా సబ్జెక్టు పేరుపెట్టి అడుగుతారు. కొత్త పేరుతో ఉన్న ఎమ్మెస్సీ దేనికి సమానమో చేరకముందే ఆ విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా అడిగి, జవాబు దాచుకోండి.

కాగితాలు

నా విద్యార్థుల్లో ఒకరికి కేంద్రీయ సంస్థలో ఓబీసీ కోటాలో సీటు వచ్చింది. ధ్రువపత్రాల పరిశీలన రోజున ఆయన చేతిలో ఉన్నది రాష్ట్ర బీసీ ధ్రువపత్రం. అది చెల్లదన్నారు. ఒక ఏడాది పోయింది. ఆ రోజు ఆయన ఫోనులో మాట్లాడలేకపోయాడు, నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే ఈ భాగం పరీక్షల కన్నా ముందే చదవమంటాను.

కేంద్ర సంస్థలకు కావలసింది కేంద్ర నమూనాలోని ఓబీసీ నాన్ క్రీమీలేయర్ ధ్రువపత్రం. మీసేవలో దరఖాస్తు పెట్టి తహసీల్దారు కార్యాలయం నుంచి తీసుకోవాలి. మీ కులం రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్నంత మాత్రాన కేంద్ర జాబితాలో ఉంటుందని అనుకోవద్దు, ముందే చూసుకోండి. ఏ తేదీ తరువాత జారీ చేసినది కావాలో ప్రకటనలో రాసి ఉంటుంది. ఎక్కువగా ఆ ఆర్థిక సంవత్సరానిదే, అంటే ఏప్రిల్ 1 తరువాతదే అడుగుతారు. ఈడబ్ల్యూఎస్ వాళ్లకూ ఇంతే.

రెండోది పేరు. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది, డిగ్రీ మెమోలో పేరు తరువాతికి వస్తుంది. దరఖాస్తులో పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. ఆధార్ వేరుగా ఉంటే ఇప్పుడే సరిచేయించుకోండి. ఒక విశ్వవిద్యాలయం నుంచి ఇంకోదానికి వెళ్లేటప్పుడు మైగ్రేషన్ సర్టిఫికెట్ అడుగుతారు. ఫలితాలు రాగానే ప్రొవిజనల్, కన్సాలిడేటెడ్ మెమో, టీసీతో పాటు దానికీ దరఖాస్తు పెట్టండి.

పరిశోధకులకు ఉత్తరం

వేసవిలో ఆరు వారాలు ఒక ప్రయోగశాలలో గడిపితే ఈ చదువు మీకు సరిపోతుందో లేదో తెలిసిపోతుంది. మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్ రెండు నెలలు ఉంటుంది, దరఖాస్తులు ముందటి ఏడాది చివర్లోనే తీసుకుంటారు. అది కాక నేరుగా ఈమెయిల్ రాయవచ్చు. "గౌరవనీయులైన సార్, మీ మహోన్నత మార్గదర్శకత్వంలో పనిచేసే భాగ్యం" అని మొదలయ్యే ఉత్తరాన్ని ఎవరూ చివరిదాకా చదవరు. ఇంగ్లీషులో రాసినా విషయం ఇలా ఉండాలి:

"నేను నల్గొండలో బీఎస్సీ మూడో సంవత్సరం చదువుతున్నాను. భూగర్భజలాల మీద మీ బృందం రాసిన పత్రంలో మూడో పటం చూశాను. లోతైన బోర్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అందులో ఉంది. మా ఊళ్ల 41 బోర్ల కొలతల్లో అలా కనిపించలేదు, గ్రాఫ్ జతచేశాను. నా కొలతల్లో తప్పు ఎక్కడ ఉండవచ్చో తెలుసుకోవాలని ఉంది. వేసవిలో మీ దగ్గర ఆరు వారాలు పనిచేసే వీలుందా?"

ఇంతే. పది మందికి ఒకే ఉత్తరం పంపవద్దు. రెండు వారాలు చూసి ఒక్కసారి గుర్తుచేయండి. పత్రం చదవడం కష్టమనిపిస్తే మొదట పటాలు, వాటి కింది వాక్యాలు, తరువాత ముగింపు, చివరికి మధ్యభాగం చదవండి. ఇంగ్లీషు భయం మూడో పత్రం దగ్గర సగం పోతుంది.

డబ్బు, ఇల్లు

పీజీ ఫీజులకు రాష్ట్ర ప్రభుత్వ ఈపాస్ వెబ్‌సైట్ ద్వారా స్కాలర్‌షిప్ ఉంది. ఆదాయ ధ్రువపత్రం సమయానికి తీసుకోండి. గేట్ స్కోరుతో ఎంటెక్‌లో చేరినవాళ్లకు నెలకు 12,400 రూపాయలు ఇస్తారు. నెట్‌లో జేఆర్ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తరువాత 42,000, దానిపై ఇంటి అద్దె భత్యం. బీఎస్సీ తరువాత నేరుగా చేరే ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీలో ఫెలోషిప్ ఉంటుంది కాబట్టి ఇంట్లో డబ్బుకు ఇబ్బంది ఉన్నవాళ్లు ముందు ఆ దారిని చూడాలి. విదేశాలకు వెళ్లాలనుకునే ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకు రాష్ట్ర ప్రభుత్వ ఓవర్సీస్ విద్యానిధి పథకాలు ఉన్నాయి.

ఈ అంకెలను ఇంట్లో అమ్మానాన్నల ముందు కాగితం మీద రాసి చూపించండి. "పరిశోధన చేస్తాను" అంటే వాళ్లకు ఇంకో పదేళ్లు సంపాదన లేదని వినిపిస్తుంది. ఎన్నో ఏట ఎంత వస్తుంది, హాస్టల్ ఎక్కడ, తరువాత పని ఎక్కడ దొరుకుతుంది అని వరుసగా చెబితే వింటారు. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో మందుల కంపెనీలు ఉన్నాయనీ, వాటికి కొలతలు విశ్లేషించేవాళ్లు కావాలనీ చెప్పండి. ఆడపిల్లలైతే ఒక్కరోజు నాన్నగారిని వెంటబెట్టుకుని మీరు చేరబోయే విశ్వవిద్యాలయ ప్రాంగణానికి వెళ్లి రండి. నల్గొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా హైదరాబాద్ వంద కిలోమీటర్లే. హాస్టల్ గేటు, మెస్, అక్కడ చదువుతున్న మన జిల్లా అమ్మాయిలు కంటికి కనిపిస్తే సగం మాటలు అవసరం ఉండవు.

ఇంటర్వ్యూకు వెళ్లే రోజు

మీ రెండు పేజీల నివేదిక, అసలు నోటుపుస్తకం రెండూ తీసుకెళ్లండి. తెలియని ప్రశ్నకు "తెలియదు, ఇలా కనుక్కుంటాను" అని చెప్పండి. ఇంగ్లీషులో తడబడితే ఆగి, కాగితం అడిగి, బొమ్మ గీసి చూపించండి. ఎవరూ తప్పు పట్టరు.

మర్రిగూడ అమ్మాయి నోటుపుస్తకంలో ఆ మూడు అడ్డగీతల సంగతి తరువాతి వారం తెలిసింది. కొలతలు తీసిన పెద్దాయన ఇంటికి వెళ్లి అడిగిందట. ఆ మూడు బోర్లూ ఆ వేసవికి ఎండిపోయాయి. పట్టడానికి నీళ్లే లేవు. ఖాళీ గళ్లు ఆయనకు జ్వరం వచ్చి వెళ్లలేకపోయిన రోజులవి. సున్నాలు మాత్రం నిజంగా పరీక్ష చేసినవి, రంగు ఏమాత్రం మారలేదని ఆయన చెప్పాడు. ఆమె పట్టికలో "కారణం" అని కొత్త నిలువు వరుస ఒకటి చేర్చింది. ఇంటర్వ్యూలో ఆమెను ఎక్కువసేపు అడిగింది ఆ వరుస గురించే.